డ్రోన్ లేని కాలేజీ కాలేజీయేనా?

ఇంజనీరింగ్ కాలేజీకి ఏమేం ఉండాలో చెబుతూ ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) వాళ్లు లావుపాటి హ్యాండ్‌బుక్ ఒకటి తెచ్చారు. 20 మంది పిల్లలకు ఒక అధ్యాపకుడు, క్లాసురూముకు ఇంత స్థలం, లైబ్రరీలో ఇన్ని పుస్తకాలు, అన్నీ లెక్కగట్టి రాశారు. డ్రోన్ ఊసే లేదు. అంత పెద్దవాళ్లు ఇంత ముఖ్యమైన సంగతి ఎలా మరిచిపోయారో గానీ, ఈ ఎండాకాలం మా కాలేజీ ఆ లోటు పూడ్చింది.

నేను మెకానికల్ అధ్యాపకుణ్ణి. మా బ్రాంచిలో 60 సీట్లుంటే కిందటేడు చేరింది తొమ్మిది మంది. వాళ్లలో ముగ్గురు స్లైడింగ్‌లో, అంటే బ్రాంచి మార్చుకునే అవకాశంలో, కంప్యూటర్స్ (సీఎస్ఈ)కి జారుకున్నారు. మిగిలిన ఆరుగురికి పాఠం చెప్పడానికి మేం ఏడుగురం ఉన్నాం. "మీరెలాగూ ఖాళీయే కదండీ" అని ప్రిన్సిపాల్ గారు ప్రమోషన్ వీడియో కమిటీకి నన్ను కన్వీనర్‌ని చేశారు.

2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చిన కొత్తలో ఈ తిప్పలు లేవు. హైవే పక్కన బోర్డు పాతితే పిల్లలు వచ్చేవారు. తర్వాత కాలేజీలు ఎక్కువై, మాకు తలా పది అడ్మిషన్లు టార్గెట్ పెట్టారు. థర్మోడైనమిక్స్ చెప్పే నోటితో ఊళ్లమ్మట తిరిగి "అమ్మా, మీ అబ్బాయికి ఎంసెట్‌లో ర్యాంకెంతొచ్చింది?" అని అడిగాం. ఆ పరీక్ష పేరు ఆంధ్రలో 2021లో, తెలంగాణలో 2024లో ఈఏపీసెట్‌గా మారింది. మన ఇళ్లలో ఇంకా ఎంసెట్టే. ఇప్పుడు గుమ్మాలెక్కితే పని జరగడం లేదు. వెబ్ ఆప్షన్లు పెట్టుకునే ఆ నాలుగు రోజులూ తండ్రి ఫోన్లో మన కాలేజీ మోగుతూ ఉండాలి. తొంభై సెకన్ల వీడియో చాలు.

బడ్జెట్ పది నిమిషాల్లో మంజూరైంది. ల్యాబుకు వెర్నియర్ కాలిపర్స్ కావాలని నేను పెట్టిన ఇండెంట్‌కు మాత్రం ఇది మూడో వేసవి. వీడియో తీయడానికి వచ్చిన కుర్రాడు మా పాత విద్యార్థే, మెకానికలే. పెళ్లి వీడియోల్లో మంచి పేరు తెచ్చుకున్నాడు. మొదటి షాట్‌లోనే అది తెలిసింది. కాలేజీ గేటును మంటపంలా పూల మధ్య నుంచి చూపించాడు.

డ్రోన్ పైకి లేచింది. పక్క రైతు మామిడితోట కూడా ఫ్రేములోకి వచ్చేసింది. తోట మాదేనని వీడియోలో ఎక్కడా చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. చైర్మన్ గారు మానిటర్ చూసి "బస్సులు పల్చగా కనిపిస్తున్నాయేంటి?" అన్నారు. ఉన్నవి నాలుగు. వాటినే నెంబరు స్టిక్కర్లు మార్చి మూడుసార్లు గేటులోంచి తిప్పాం. పన్నెండు బస్సులయ్యాయి. మూడో రౌండులో ఒకటి ఆగిపోతే మా ఆరుగురు పిల్లలూ దిగి తోశారు. ఆ ఏడాది వాళ్లకు జరిగిన ప్రాక్టికల్ అదొక్కటే.

తర్వాత వర్క్‌షాప్. లేత్ మెషిన్ మీద ఉన్న దుప్పటి తీసి స్విచ్ వేస్తే, నమ్మండి, తిరిగింది. ల్యాబ్ అటెండర్ దణ్ణం పెట్టుకున్నాడు.

"సార్, రవ్వలు రావాలి" అన్నాడు కుర్రాడు.

"ఒరేయ్, లేత్ మీద పొట్టు చుట్టలు చుట్టలుగా వస్తుంది గానీ రవ్వలు రావురా. నువ్వు చదివింది మెకానికలేనా?"

"మీరే కదా సార్ చెప్పారు. కానీ రవ్వలు లేకపోతే ఇంజనీరింగ్‌లా ఉండదు."

హాస్టల్ గేటుకు వెల్డింగ్ చేస్తున్న అబ్బాయిని పిలిపించాం. తెల్లకోటు తొడిగి, చేతికి గ్రైండర్ ఇచ్చి, లేత్ పక్కన నిలబెట్టాం. వాడు ఇనుప రాడ్ మీద గ్రైండర్ ఆనించగానే దీపావళి. వీడియోలో వాడి కింద 'ఫైనలియర్ విద్యార్థి' అని పడుతుంది. మొత్తం తొంభై సెకన్లలో తన పని తను చేసుకుంటూ కనిపించేది వాడొక్కడే.

ఈసీఈ ల్యాబులో ఓ అమ్మాయి సోల్డరింగ్ ఐరన్‌ను పిడి వదిలేసి మొన దగ్గర పట్టుకుంది. ప్లగ్ పెట్టలేదు కాబట్టి బతికిపోయింది. ఆ పిల్లది తప్పెలా అవుతుంది, ఆ వస్తువును చూడటం అదే మొదటిసారి. సివిల్ వాళ్లకు పసుపు హెల్మెట్లు ఇచ్చాం. సర్వేకి వాడే థియోడలైట్‌కు మూత తీయకుండానే చాలా దూరం చూశారు. ఏఐ కోసం ఓ రోబోను సగం రోజుకు అద్దెకు తెచ్చాం. అది నమస్కారం పెడుతుంది, అంతకుమించి ఏమీ రాదు. ఆ లెక్కన మా పాలకమండలిలో కూర్చోవడానికి దానికి అన్ని అర్హతలూ ఉన్నాయి.

ప్లేస్‌మెంట్ల దగ్గర కాస్త చర్చ జరిగింది. '350 ఆఫర్లు' అని వేశారు. ఒకే అమ్మాయికి నాలుగు వచ్చాయి కదా అన్నాను. "ఆఫర్లన్నాం గానీ మనుషులన్నామా?" అన్నారు ప్లేస్‌మెంట్ ఆఫీసర్ గారు. లెక్కల్లో అంత నిక్కచ్చి మనిషిని నేను చూడలేదు. చివర్లో మన కుర్రాణ్ణి కూడా కెమెరా ముందు నిలబెట్టి 'పూర్వ విద్యార్థి, మీడియా ఎంటర్‌ప్రెన్యూర్' అని వేశాం. తన ఫోకస్ తనే సరిచూసుకుని, పరుగెత్తుకొచ్చి నవ్వాడు.

వీడియో అదిరింది. చైర్మన్ గారు మూడుసార్లు చూసుకుని "ఈ కాలేజీలో నాకే చేరాలనిపిస్తోందయ్యా" అన్నారు. అప్పుడు కుర్రాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సార్, నాకు డబ్బులొద్దు. నా ఒరిజినల్స్ ఇప్పించండి."

రీయింబర్స్‌మెంట్ బకాయి సర్కారు నుంచి రాలేదని, అది కట్టేదాకా వాడి సర్టిఫికెట్లు ఆఫీసు బీరువాలోనే ఉన్నాయట. నాకా సంగతి అప్పుడే తెలిసింది. అకౌంటెంట్ రిజిస్టర్ తెచ్చి లెక్క చూశాడు. వీడియో బిల్లు అరవై వేలు, వీడి బకాయి డెబ్బై.

చైర్మన్ గారు కాసేపు ఆలోచించారు. మనసున్న మనిషి.

"ఆ పదివేలకూ రీల్స్ చేసి పెట్టమనండి."