మడ్డి మాహాత్మ్యం

దేశ సమస్యలన్నీ పక్కన పెట్టి ఈ వారం బీరును పులియబెట్టే ఈస్ట్ అనే సూక్ష్మజీవి గురించి ఆలోచించాల్సి వచ్చింది. టెక్సాస్‌లో ఉన్న మా మేనల్లుడు ఇంట్లోనే బీరు కాస్తాడు. అమెరికాలో 1978లోనే అందుకు చట్టం చేశారు. ఇక్కడ లైసెన్సు లేకుండా కాస్తే కేసు. కాబట్టి కర్నూల్లో కూర్చుని వీడియో కాల్‌లో చూసి తరిస్తుంటాను.

మొన్న ఫ్రిజ్ తెరిచి బురదనీళ్ల సీసా చూపించి, "మామా, ఇది నాలుగో తరం" అన్నాడు. వాడికింకా పెళ్లి కాలేదు. నాకు టెన్షన్ పట్టుకుంది. తీరా చూస్తే ఈస్ట్ తరమట.

బార్లీ మొలకల నుంచి తీసిన 19 లీటర్ల తీపినీళ్లలో 11 గ్రాముల ఈస్ట్ ప్యాకెట్టు వేస్తారు. అది తీపంతా తినేసి, ఆల్కహాలూ గ్యాసూ వదిలి, పనవగానే అడుగుకు దిగి నిద్రపోతుంది. (మా ఆఫీసులో పని మొదలుకాకముందే దిగేవాళ్లం. అంతే తేడా.) బీరు తీసేశాక ఆ మడ్డిలో కాచి చల్లార్చిన నీళ్లు పోసి, కలిపి, 20 నిమిషాలు ఆగాలి. చెత్త కిందికి పోతుంది. పైనున్న పాలరంగు నీళ్లు సీసాలోకి వంచుకుంటే వచ్చేసారికి ఈస్ట్ సిద్ధం. అదే తర్వాతి తరం.

"పెరుగు తోడుకు ఇంత రచ్చ ఏందిరా?" అంది మా ఆవిడ వెనకనుంచి.

"ఇది సైన్స్ అత్తా" అన్నాడు వాడు. ఆమె పాలగిన్నె మీద మూత పెట్టి వెళ్లిపోయింది.

నాకు మాత్రం ఇందులో పరిపాలన కనిపించింది. రిటైరైన అధికారికి ఎక్స్‌టెన్షన్, ఆపైన సలహాదారు పదవి ఇస్తే మనం ఊరికే ఆడిపోసుకుంటాం. అది శుద్ధ ఈస్ట్ పద్ధతి! కాకపోతే బీరు కాచేవాళ్లు ఐదారు తరాలకు, మహా అయితే పదికి, పారబోసి కొత్త ప్యాకెట్టు తెస్తారు. రుచి మారుతుందని, వేరే క్రిములు చేరతాయని భయం. బాగా ఘాటైన బీరు కాచిన ఈస్ట్‌నైతే అలిసిపోయి ఉంటుందని అసలు వాడరు. మన దగ్గర అలిసిపోయినవాళ్లకే పెద్ద గది, కారు.

పాపం, ఈస్ట్‌కు గుర్తింపూ తక్కువే. 1516లో జర్మనీలోని బవేరియా వాళ్లు బీరులో బార్లీ, హాప్స్ అనే చేదు పూలు, నీళ్లు తప్ప ఏవీ ఉండరాదని శాసనం చేశారు. ఈస్ట్ ఊసే లేదు. శుభలేఖలో చుట్టాలందరి పేర్లూ వేసి పెళ్లికూతుర్ని మరిచినట్టు.

"ఎన్నాళ్లు ఉంటుందిరా ఆ సీసాలో?" అని అడిగాను.

"వారాలు గడిచేకొద్దీ చచ్చేదే ఎక్కువ మామా. కొంచెం తీపినీళ్లలో వేసి, నురగ వస్తే ప్రాణమున్నట్టు."

నేను కాసేపు మాట్లాడలేదు. 1953లో మా కర్నూలును ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా వేశారు. మూడేళ్లు పొంగింది. 1956లో రాజధాని హైదరాబాదుకు పోయింది, మాకు మూత పెట్టారు. 2020లో న్యాయ రాజధాని అంటూ చట్టం చేసి మూత తీశారు. నురగ వచ్చేలోపే, 2021లో, ఆ చట్టం రద్దు చేసి మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టారు.

"ఇంకో మాట మామా" అంటున్నాడు వాడు. "మూత మాత్రం గట్టిగా బిగించకూడదు. లోపల గ్యాసు చేరితే సీసా పగుల్తుంది."