ఉచితమే, కానీ ఇష్టారాజ్యం కాదు

అమెరికాలో ప్రభుత్వ భూముల్లో ఎక్కడైనా ఉచితంగా టెంట్ వేసుకోవచ్చని, మీ టెంట్ ఫొటోతో పెట్టిన పోస్టులో రాశారు. సగమే నిజం. నేషనల్ ఫారెస్ట్‌లు, బీఎల్ఎం (బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ) భూముల్లో చాలాచోట్ల వేసుకోవచ్చు. పేరు దగ్గరగా ఉన్నా నేషనల్ పార్కుల కథ వేరు, అక్కడ కేటాయించిన చోటో పర్మిటో ఉండాలి. మనవాళ్లు తికమక పడేది ఇక్కడే. బీఎల్ఎం భూముల్లో సాధారణంగా 28 రోజుల్లో 14 రోజులే ఉండనిస్తారు.

మీ ఫొటోలో టెంట్ సరిగ్గా ఏటి ఒడ్డునే ఉంది. అందంగానే ఉంది కానీ, నీటికి 200 అడుగుల దూరం పాటించమంటారు. మలవిసర్జనకైతే అంత దూరంలో 6 నుంచి 8 అంగుళాల గొయ్యి తీసి పూడ్చాలి. యూటాలో మోయాబ్ చుట్టుపక్కల అదీ కుదరదు, పోర్టబుల్ టాయిలెట్ వాడి అంతా వెంట తెచ్చేయాల్సిందే. ఎడారి నేలలో మలం త్వరగా కుళ్లదు మరి.

అన్నిటికన్నా టెన్షన్ నిప్పుతోనే. కాలిఫోర్నియా నేషనల్ ఫారెస్ట్‌లలో చిన్న గ్యాస్ స్టవ్ మీద ఉప్మా చేసుకోవాలన్నా క్యాంప్‌ఫైర్ పర్మిట్ ఉండాలి. ఉచితమే, ఆన్‌లైన్‌లో వస్తుంది. ఎండాకాలంలో కట్టెల మంటలు పూర్తిగా నిషేధిస్తుంటారు, బయల్దేరే ముందు అక్కడి రేంజర్ ఆఫీసుకు ఫోన్ చేసి అడగండి.