గ్లైకాలసిస్ గారికి, ఎనిమిదో మెట్టు విషయమై

ఒంట్లో గ్లూకోజుని పది మెట్లలో విరగ్గొట్టి పైరువేట్‌గా మార్చే మహారాజశ్రీ గ్లైకాలసిస్ గారి దివ్యసముఖానికి, రాయగడ నుంచి ఒక ట్యూషన్ మాస్టారు నమస్కరించి రాయునది.

ఆదివారం మధ్యాహ్నమంతా తమరికే సమర్పించుకున్నాను. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పరీక్షలో ఇంగ్లీషు నడిపే మా ప్లస్ టూ పిల్లల చేత తమరి పది మెట్లూ బోర్డు మీద ఎక్కించాను. తీరా టెస్టులో వచ్చింది ఒకే ఒక్క బిట్టు: నికరంగా మిగిలే ఏటీపీలు (కణం ఖర్చుపెట్టుకునే శక్తి నాణేలు) ఎన్ని? జవాబు రెండు. మార్కు ఒకటి.

ముందు రెండు ఏటీపీలు గుంజి, చివర్లో నాలుగిచ్చి, దాన్ని లాభమంటారు. సర్లెండి. ఎంబ్డెన్, మేయర్‌హాఫ్, పార్నాస్ అని ముగ్గురు శాస్త్రవేత్తల పేర్లు తగిలించుకున్నారు. అవీ బట్టీ పట్టించాను. మూడో మెట్టు నడిపే ఎంజైము ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్ పేరు నోరు తిరగక వెనక బెంచీ కుర్రాడు మజ్జిగౌరి అమ్మవారికి కొబ్బరికాయ మొక్కుకున్నాడు. అదీ సరే.

ఎనిమిదో మెట్టు మాత్రం నాకు మింగుడుపడదు. 3-ఫాస్ఫోగ్లిసరేట్ కాస్తా 2-ఫాస్ఫోగ్లిసరేట్ అవుతుంది. మూడో కార్బన్ మీది ఫాస్ఫేట్ రెండో కార్బన్ మీదికి జరిగింది, అంతే! ఏటీపీ రాదు, పోదు. ఆఫీసులో ఫైలు ఈ బల్ల నుంచి ఆ బల్ల మీదికి మార్చినట్టు. ఆ మాత్రం దానికి మ్యూటేజ్ అనే ప్రత్యేక ఎంజైము!

"సార్, మొదట్లోనే రెండో దాని మీద పెట్టొచ్చుగా?" అందో అమ్మాయి. ఫాస్ఫేట్ అక్కడికొస్తేనే ఎనొలేజ్ అనే తర్వాతి ఎంజైము నీటిని లాగేసి పీఈపీ (ఫాస్ఫోఈనాల్‌పైరువేట్) చేస్తుందని, పదో మెట్టులో ఏటీపీ దాన్నుంచే వస్తుందని చెప్పాను.

"అదేగా సార్, మొదట్లోనే ఎందుకు పెట్టలేదు?"

ఒరేయ్ గ్లైకాలసిస్, నువ్వే చెప్పు దానికి! మొదటి మెట్టులో హెక్సోకైనేజ్ ఫాస్ఫేట్‌ని తీసుకెళ్ళి గ్లూకోజు ఆరో కార్బన్‌కి అంటించింది, తర్వాత ఆల్డొలేజ్ ఆ చక్కెరని మధ్యకి నరికింది, చివరున్నది చివరే ఉండిపోయింది. ఆ తంటా నీది. బోర్డు ముందు నీళ్ళు నమిలేది నేను.

మైటోకాండ్రియా లేని ఎర్ర రక్తకణానికి నువ్వే దిక్కని తెలుసు. రైలు కోసం పరిగెత్తే మనిషి పిక్కల్లో ఆక్సిజన్ చాలకపోయినా, పైరువేట్‌ని లాక్టేట్ చేసుకుంటూ పని ఆపనిదీ నువ్వే. అందుకే ఇంకా తిట్టలేకపోతున్నాను.

ఆ పిల్ల రేపు మళ్ళీ వస్తుంది. ఈలోగా సంజాయిషీ పంపు.

ఇట్లు,
నీ రెండు ఏటీపీల మీదే నోరు చేసుకుంటున్న
ట్యూషన్ మాస్టారు