నోట్ల కట్టా, కార్డా?

బాబాయి, పిన్ని పై నెలలో మూడు వారాలు యూరప్ వెళ్తున్నారు. ఖర్చులకు సరిపడా యూరోలు మొత్తం ముందే మార్చుకుని, నడుముకు కట్టుకునే సంచిలో పెట్టుకెళ్తానంటారు బాబాయి. డెబిట్ కార్డు పట్టుకెళ్లి, దిగిన చోట ఏటీఎంలో తీసుకోండి అంటాను నేను. భోజనాలయ్యాక మొదలైన వాదన పదకొండు దాకా సాగింది. నా పక్షమేదో చెప్పేశాను కాబట్టి, ఆయన మాటల్లో నాకు జవాబు దొరకనివి కూడా దాచకుండా రాస్తున్నాను.

బాబాయి: చేతిలో ఉంటేనే డబ్బు తల్లీ. ఆ కార్డు అక్కడ పనిచేస్తుందో లేదో దిగాక గానీ తెలీదు. తెలిసిన చోట మార్చుకుంటే పోలే? కమిషన్ కూడా లేదని బోర్డు పెట్టారు.

నేను: ఆ బోర్డుతోనే అసలు చిక్కు బాబాయ్. కమిషన్ తీసుకోనప్పుడు ఆ దుకాణం అద్దె ఎక్కడి నుంచి వస్తుంది, జీతాలు ఎక్కడి నుంచి వస్తాయి? రేటులోంచే. ఒక్కో కరెన్సీకి రెండు అంకెలు రాసి ఉంటాయి చూడండి, వాళ్లు కొనే ధర ఒకటి, అమ్మే ధర ఒకటి. కొనేది 92, అమ్మేది 108 అనుకుందాం. మధ్యలో ఉన్న 100 అసలు ధర. బ్యాంకులు తమలో తాము ఇచ్చిపుచ్చుకునేది ఇంచుమించు ఆ ధరకే. మీరు 108 పెట్టి కొంటారు. తిరిగొచ్చాక మిగిలినవి అదే కౌంటర్లో ఇస్తే 92 చేతిలో పెడతారు. ఆ నోటుతో మీరు ఏమీ కొనలేదు, అయినా 16 పోయాయి. అన్ని చోట్లా ఇంత తేడా ఉండదు. నాలుగు దుకాణాలు పక్కపక్కనే పోటీపడే వీధిలో బాగా తగ్గుతుంది, ఎయిర్‌పోర్టులో పెరుగుతుంది. మీకు కావలసింది ఆ రెండంకెల మధ్య తేడా ఎంత అన్నది. కమిషన్ ఎంత అన్నది కాదు.

బాబాయి: ఏటీఎం వాళ్లు మాత్రం ఊరికే ఇస్తారా?

నేను: ఇవ్వరు. కార్డుతో తీసినప్పుడు మూడు చోట్ల కోత పడుతుంది, మూడూ విడివిడిగా తెలుసుకోవాలి. మొదటిది కార్డు మీద పేరుండే నెట్‌వర్క్, అంటే వీసా, మాస్టర్‌కార్డ్ లాంటివి వేసే మారకం రేటు. అది అసలు ధరకు చాలా దగ్గరగా ఉంటుంది. ఏ రోజు రేటు ఆ రోజు వాళ్ల సైట్లలోనే పెడతారు, ఎవరైనా చూసుకోవచ్చు. రెండోది మీ బ్యాంకు తీసుకునేది. విదేశీ లావాదేవీ ఫీజని కొన్ని బ్యాంకులు మూడు శాతం దాకా వేస్తాయి, కొన్ని అసలు వేయవు. మూడోది ఆ మిషన్ పెట్టినవాళ్లు తీసుకునేది, మామూలుగా ఒకసారికి ఇంత అని ఉంటుంది. థాయిలాండ్‌లో ఏళ్ల తరబడి విదేశీ కార్డుకు ప్రతిసారీ 220 బాత్ తీసుకున్నారు. 2,000 బాత్ తీస్తే అది 11 శాతం. 20,000 తీస్తే 1.1 శాతం. అదే మిషన్, అదే ఫీజు. ఎంత తీస్తున్నామన్న దాన్ని బట్టి అది దోపిడీ అవుతుంది, లేదా లెక్కలోకి రానంత చిన్నదవుతుంది. రోజూ కొంచెం కొంచెం తీసుకుంటే జాగ్రత్తగా ఉన్నట్టు అనిపిస్తుంది. డబ్బు పోయేది అక్కడే.

బాబాయి: ఆగాగు. కొన్ని బ్యాంకులు అసలు వేయవన్నావు. అలాంటి కార్డు ఉన్నవాళ్లకి నీ లెక్క బాగానే ఉంది. నాకున్న కార్డు ఇరవయ్యేళ్ల కిందటిది. దాని మీద ఎంత కోస్తారో స్టేట్‌మెంట్ వచ్చేదాకా తెలీదు. కౌంటర్ దగ్గర నాకు తెలిసి పోతాయి, నీ కార్డుతో తెలీకుండా పోతాయి. ఏది నయం?

(ఇది సరైన దెబ్బే. విదేశంలో కార్డు చవకని చెప్పేవాళ్లం, నాతో సహా, మన చేతిలో ఉన్న కార్డునే మనసులో పెట్టుకుని మాట్లాడతాం.)

నేను: ఒప్పుకుంటున్నాను. బయల్దేరే ముందు బ్యాంకుకు ఫోన్ చేసి అడగండి: విదేశీ ఏటీఎంలో తీస్తే శాతం ఎంత, దాని మీద స్థిరమైన ఫీజు ఎంత, రోజుకు పరిమితి ఎంత, విదేశీ వాడకం ఆన్‌లో ఉందా. మూడు శాతానికి పైన ఇంకో స్థిరమైన ఫీజు కూడా ఉంటే, ఫీజు లేని ఖాతా ఇంకోటి తెరవడానికి మీకు నెల టైముంది. అయినా మూడు శాతం పోయేచోట పోయేది మూడే బాబాయ్. ఇందాక అనుకున్న అంకెల ప్రకారం ఆ బోర్డు దగ్గర పోయేది దాదాపు ఎనిమిది.

బాబాయి: ఎందుకింత? అవసరమైతే క్రెడిట్ కార్డు పెట్టి తీసుకుంటా.

నేను: అది మాత్రం వద్దు. క్రెడిట్ కార్డుతో వస్తువు కొంటే బిల్లు కట్టేదాకా గడువుంటుంది. నగదు తీస్తే అప్పు తీసుకున్నట్టు లెక్క. ఫీజు వేస్తారు, పైగా చాలా కార్డుల మీద ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

బాబాయి: సరే, మిషన్ ముందు నిలబడ్డాననుకో. ఇంక మోసమేం లేదుగా?

నేను: ఉంది. నేనింత పట్టుబట్టడానికి కారణమే ఆ స్క్రీన్. కార్డు పెడతారు, పిన్ కొడతారు, 200 యూరోలు కావాలంటారు. వెంటనే నోట్లు రావు, ఇంకో పేజీ వస్తుంది. అందులో మీ సొంత కరెన్సీలో ఒక మొత్తం చూపించి, "ఈ రేటు గ్యారంటీ, ఒప్పుకుంటారా?" అని అడుగుతుంది. ఒప్పుకునే బటన్ పచ్చగా, పెద్దగా ఉంటుంది. ఒప్పుకోని బటన్ పక్కన "డిక్లైన్" అనో "కన్వర్షన్ లేకుండా" అనో ఉంటుంది. వెనక నలుగురు నిలబడి ఉంటారు. పరాయి ఊరు, పరాయి భాష. మన డబ్బు మనకు తెలిసిన అంకెల్లో కనబడేసరికి ప్రాణం లేచొస్తుంది, పచ్చది నొక్కేస్తాం. కిందటేడాది నేను నొక్కాను. వీధి మూలన, టూరిస్టులు తిరిగే చోట పెట్టిన మిషన్. గదికొచ్చి లెక్క చూస్తే అసలు రేటు కన్నా పన్నెండు శాతం ఎక్కువ కోసింది. దీన్ని డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు. మార్చే పని మీ కార్డు నెట్‌వర్క్ చేతిలోంచి తీసేసి, మిషన్ వాళ్లు తమకు నచ్చిన రేటుకు చేస్తారు. "డిక్లైన్" నొక్కితే అసలు డబ్బే రాదేమోనని భయమేస్తుంది. వస్తుంది బాబాయ్. నోట్లు అవే, 200 యూరోలే. రేటు మాత్రం నెట్‌వర్క్‌ది పడుతుంది. ఈ వ్యవహారం ఎంత ముదిరిందంటే, అసలు రేటు మీద ఎంత శాతం అదనంగా వేస్తున్నారో ముందే చెప్పాలని యూరోపియన్ యూనియన్ 2019లో నిబంధన తేవాల్సి వచ్చింది. హోటల్లో, షాపులో కార్డు గీసినప్పుడూ ఇదే ప్రశ్న వస్తుంది. ఎక్కడ అడిగినా జవాబొకటే: ఆ దేశం కరెన్సీలోనే.

బాబాయి: విన్నావా నీ మాట నువ్వే? ఇంత తెలిసిన దానివి, నువ్వే పచ్చది నొక్కావు. అరవై దాటిన నన్ను ఆ స్క్రీన్ ముందు నిలబెడతానంటున్నావు. నోట్ల కట్ట నన్నేమీ అడగదు, ఏదీ నొక్కమనదు.

నేను: కానీ పోతే తిరిగి రాదు. కార్డు పోతే ఫోన్ చేసి ఆపించొచ్చు. నోట్లు పోతే ఎవరికి ఫోన్ చేస్తారు? ఈ భయం మనతో మొదలైంది కాదు. ప్రయాణంలో నోట్ల బదులు వాడే ట్రావెలర్స్ చెక్కులు అమెరికన్ ఎక్స్‌ప్రెస్ 1891లోనే తెచ్చింది. వాటిలో గొప్ప అదే కదా, పోయినా డబ్బు తిరిగిస్తామనడం.

బాబాయి: ట్రావెలర్స్ చెక్కులు బంగారంలాంటివి. మీరే మిషన్లు వచ్చాయని వాటిని మూలన పడేశారు. సరే, నేనొకటి అడుగుతా చెప్పు. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ దాదాపు మొత్తం కరెంటు పోయిందా లేదా? మధ్యాహ్నం పోతే చాలా చోట్ల రాత్రి దాకా రాలేదు. ఏటీఎంలు ఆగిపోయాయి, కార్డు మిషన్లు ఆగిపోయాయి. జేబులో నోట్లున్నవాళ్లు మంచినీళ్లు కొనుక్కున్నారు. నీలాంటివాళ్లు కార్డు పట్టుకుని నిలబడ్డారు. మేం వెళ్లేది ఆ రెండు దేశాలకే.

నేను: నిజమే. ఆ రోజు నోట్లే నయం.

బాబాయి: ఇంకా ఉంది. 2015లో గ్రీస్‌లో బ్యాంకులు మూశారు. ఏటీఎంలో రోజుకు 60 యూరోలే అన్నారు.

నేను: ఆ పరిమితి అక్కడి ఖాతాలకే బాబాయ్. విదేశీ కార్డులకు లేదు. అక్కడివాళ్ల కన్నా టూరిస్టుకే ఎక్కువ వచ్చేది.

బాబాయి: పరిమితి లేకపోతే ఏం లాభం? మిషన్లో నోట్లుండాలి కదా. ఎన్నో మిషన్లు ఖాళీ అయ్యాయి. సరిపడా యూరోలు చేత్తో పట్టుకెళ్లమని బ్రిటన్ ప్రభుత్వమే తన పౌరులకు చెప్పింది. మరి రష్యా? 2022 మార్చిలో వీసా, మాస్టర్‌కార్డ్ వెళ్లిపోయాక, బయట తీసుకున్న ఆ కార్డులు అక్కడ ఒట్టి ప్లాస్టిక్ ముక్కలు. ఇరాన్‌లో అయితే ఎన్నో ఏళ్లుగా వీసా, మాస్టర్‌కార్డ్ పనికిరావు. నువ్వు చవక చవకంటావు. చవకలో ప్రాణం మీదికొస్తే?

నేను: ఆ దేశాల విషయంలో వాదించను. అర్జెంటీనాలో అయితే కొన్నేళ్లపాటు డాలర్ నోట్లు పట్టుకెళ్లినవాళ్లదే లాభం. 2022లో ఒక దశలో వీధిలో డాలర్ నోటుకిచ్చే రేటు ప్రభుత్వ రేటుకు రెట్టింపు దాటింది. అలాంటి చోట నేనూ నోట్లే పట్టుకెళ్తాను. అందుకే ఏ దేశం వెళ్తున్నామో ముందు చూసుకోవాలంటాను. కానీ మీరు వెళ్లే చోట ఇరవయ్యొక్క రోజుల్లో ఒక్కరోజు కరెంటు పోతుందేమోనని, మిగతా ఇరవై రోజుల డబ్బు కూడా ఆ రేటుకు మార్చుకుని నడుముకు కట్టుకోవాలా? ఆ ఒక్కరోజు కోసం రెండు మూడు రోజుల ఖర్చు నోట్లలో ఉంచుకుంటే చాలదా? మిగతాది దిగాక, బ్యాంకు గోడకే ఉన్న ఏటీఎంలో, బ్యాంకు తెరిచి ఉండే వేళ తీసుకోండి. కార్డు మిషన్లో ఇరుక్కుంటే లోపలికి వెళ్లి అడగొచ్చు. ఇంకొకటి, రెండో కార్డు ఉండాలి. వేరే బ్యాంకుది. అది పిన్ని బ్యాగులో ఉండాలి.

బాబాయి: మీ పిన్నికెందుకు? నేను పక్కనే ఉంటాగా. రెండూ నా సంచిలోనే పెడతా.

నేను: అప్పుడు రెండు కార్డులున్నా ఒకటే. సంచి పోతే రెండూ పోతాయి.

బాబాయి: ఇన్నేళ్లలో నేను ఏదైనా పోగొట్టానా? పోయిన ట్రిప్పులో కూడా ఒక్క నోటు అటూ ఇటూ కాలేదు.

నేను: ఆ ట్రిప్పు సంగతి ఎత్తకండి బాబాయ్. నోట్లు మార్చే కౌంటర్ కోసం మధ్యాహ్నమంతా తిరిగారు. పిన్ని చూడాలనుకున్న మ్యూజియం ఈలోపు మూసేశారు. తనే టికెట్ కొనుక్కుని వెళ్దామంటే ఆవిడ చేతిలో చిల్లర కూడా లేదు.

బాబాయి: అది నా తప్పా? ఆ రోజు ఆదివారం. కౌంటర్లన్నీ మూసేశారు.

నేను: ఏటీఎంలు మూయలేదు.

బాబాయి: ఆవిడే కాళ్లు నొప్పి, బెంచీ మీద కూర్చుంటానంది. కావాలంటే పిలిచి అడుగు.

నేను: రెండు గంటలు తిప్పాక కూర్చుంటానంది. మొదట మ్యూజియానికే వెళ్దామంది. నాకు వచ్చాక చెప్పింది.

బాబాయి: నువ్వు డబ్బు గురించి మాట్లాడుతున్నావా, మీ పిన్ని తరఫున మాట్లాడుతున్నావా?

నేను: రెండూ బాబాయ్. పరాయి దేశంలో మీరిద్దరూ రైలు స్టేషన్లో విడిపోయారనుకోండి. మీకు నోట్ల సంచి ఉంది, ఫోనుంది. ఆవిడ దగ్గర ఏముంది? మీకు ఒంట్లో బాగాలేక గదిలో పడుకుంటే మందులకు ఎవరు వెళ్లాలి, ఏం పెట్టి కొనాలి? ఫీజులు, శాతాలు ఒక ఎత్తు. ఇది నాకు వాటన్నిటి కన్నా ఎక్కువ. ఆవిడ సంపాదన ఆవిడ ఖాతాలోనే ఉంది. ఆ ఖాతాకు కార్డు కూడా ఉంది, బీరువాలో, కవరైనా చింపలేదు.

(బాబాయి కాసేపు ఏమీ అనలేదు. పక్క గదిలో పిన్ని సూట్‌కేసు సర్దడం ఆపేసిందని మా ఇద్దరికీ తెలిసింది.)

బాబాయి: కార్డు ఉంటే సరిపోతుందా? ఓటీపీ ఆవిడ ఫోనుకి రావాలిగా. అక్కడ సిమ్ మారిస్తే మెసేజ్ రాదు. అది ఆలోచించావా?

నేను: ఏటీఎంలో నోట్లు తీయడానికి మామూలుగా పిన్ చాలు. ఆన్‌లైన్లో కొనేటప్పుడు ఓటీపీ అడుగుతుంది. మీరన్నది మాత్రం నిజం, బ్యాంకు అనుమానపడి కార్డు ఆపేస్తే ఆ పాత నంబరుకే మెసేజ్ వస్తుంది. పాత సిమ్ తీసేయకుండా రోమింగ్‌లో ఉంచుకోవాలి. ఇది నాకు తట్టలేదు.

బాబాయి: చూశావా. మూడో వంతు మాత్రం నేను నోట్లే పట్టుకెళ్తా. దాని మీద నువ్వేం చెప్పినా వినను.

నేను: మూడో వంతంటే ఏడు రోజుల ఖర్చు బాబాయ్. నాలుగు రోజులది చాలు.

బాబాయి: అయిదు. రేపు ఆ బోర్డు మీద రెండంకెలూ రాసుకొస్తా, తేడా ఎంతో నువ్వే లెక్క కట్టి చెప్పు.

నేను: కడతాను. వెళ్లేటప్పుడు పిన్నిని కూడా తీసుకెళ్లండి. కవరు చింపి, ఇక్కడి ఏటీఎంలోనే ఆవిడ చేత ఒకసారి పిన్ కొట్టించి, డబ్బు తీయించండి. మీరు పక్కన నిలబడొద్దు. వెనక లైన్లో నిలబడండి.