సాయంత్రానికి వాలే రెప్ప నరాల బలహీనత కాదు

ఈ మధ్య మా బంధువుల వాట్సాప్ గ్రూపులన్నింటిలో ఒక సందేశం తిరుగుతోంది. సారాంశం ఇది: “కనురెప్పలు వాలుతున్నా, చూపు రెండుగా కనిపిస్తున్నా భయపడకండి, అది నరాల బలహీనత. బి12 మాత్రలు, రోగనిరోధక శక్తి పెంచే కషాయం వాడండి. వ్యాయామంతో కండరాలు గట్టిపడతాయి. డాక్టర్లు రాసే మాత్రలు మొదలుపెడితే వాటికి బానిసలవుతారు. ఆయాసం అనిపిస్తే ఆక్సీమీటర్ పెట్టుకోండి, 95 దాటితే దిగులు లేదు.”

మా అమ్మకు తొమ్మిదేళ్లుగా మయస్థీనియా గ్రావిస్ అనే కండరాల బలహీనత జబ్బు ఉంది. వాలే రెప్ప, రెండుగా కనిపించే చూపు దాని గుర్తులు కావచ్చు. ఈ సలహాలను ఆమె పాటించి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికే భయం వేసింది. అందుకే ఒక్కొక్క మాటకూ జవాబు రాస్తున్నాను.

మొదటిది, ‘నరాల బలహీనత’. తెలుగులో ఈ మాటను కాళ్ల తిమ్మిరి నుంచి గోడల మీది ప్రకటనల దాకా అన్నింటికీ వాడేస్తాం. మయస్థీనియాలో నరం బాగానే ఉంటుంది. చెడేది నరమూ కండరమూ కలిసే చోటు. నరం కొస నుంచి వెలువడే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని కండరం మీది గ్రాహకాలు అందుకుంటేనే కండరం కదులుతుంది. మన రక్షణ వ్యవస్థ తయారుచేసిన యాంటీబాడీలే ఆ గ్రాహకాలను దెబ్బతీస్తాయి. 1973లో అమెరికాలో ప్యాట్రిక్, లిండ్‌స్ట్రామ్ అనే శాస్త్రవేత్తలు విద్యుత్ ఈల్ చేప నుంచి తీసిన గ్రాహకాలను కుందేళ్లకు ఎక్కిస్తే, వాటి ఒంట్లోనూ యాంటీబాడీలు తయారై ఇలాంటి బలహీనతే వచ్చింది. బి12 లోపిస్తే అరికాళ్లలో తిమ్మిరి, నడకలో తూలుడు కనిపిస్తాయి. మయస్థీనియాలో తిమ్మిరి ఉండదు, స్పర్శ చెక్కుచెదరదు.

దీని అసలు గుర్తు వేరు. వాడేకొద్దీ బలం తగ్గుతుంది, కాసేపు విశ్రాంతి ఇస్తే తిరిగి వస్తుంది. అమ్మ ఉదయం దోసె మామూలుగానే తినేది. రాత్రి అన్నం నాలుగు ముద్దలయ్యేసరికి దవడను చేత్తో ఆనించి పట్టుకుని నమిలేది. ఫోనులో మొదట స్పష్టంగా ఉన్న గొంతు పది నిమిషాలకు ముక్కుతో మాట్లాడినట్టయ్యేది. మింగిన నీళ్లు ముక్కులోంచి వచ్చేవి. కానీ మేము డాక్టర్ల దగ్గరకు వెళ్లింది ఎప్పుడూ ఉదయమే! అప్పటికి అన్నీ సవ్యంగా ఉండేవి. ఆందోళన అని చెప్పి నిద్రమాత్ర రాసినవారూ ఉన్నారు. సాయంత్రం తీసిన ఫోటోలు చూపించాకే ఒక న్యూరాలజిస్టు ఆమెను నిమిషంపాటు పైకి చూడమన్నారు. చూస్తుండగానే రెప్ప జారిపోయింది. దాని మీద రెండు నిమిషాలు మంచు ముక్క ఉంచితే కాస్త లేచింది. తర్వాత యాంటీబాడీల రక్తపరీక్ష, నరాల పరీక్ష, ఛాతీ సీటీ స్కాన్ చేయించారు. స్కాన్ ఎందుకంటే, ఈ జబ్బు ఉన్న ప్రతి పదిమందిలో సుమారు ఒకరికి ఛాతీలోని థైమస్ గ్రంథిలో కణితి ఉంటుంది.

రోగనిరోధక శక్తి పెంచే కషాయం సంగతి. సొంత రక్షణ వ్యవస్థే ఎదురుతిరిగిన జబ్బులో దాన్ని మరింత రెచ్చగొట్టాలనడం ఏ తర్కం? ప్రెడ్నిసలోన్ అనే స్టిరాయిడ్, అజాథయోప్రిన్ వంటి మందులు ఇచ్చేదే దాన్ని అదుపు చేయడానికి.

వ్యాయామం మాటలో కొంత నిజం ఉంది. జబ్బు అదుపులో ఉన్నప్పుడు తేలికపాటి నడక మంచిదే. కానీ అలసిన కండరాన్ని పట్టుదలగా ఇంకా వాడితే అది గట్టిపడదు, పడిపోతుంది. వేడికి ఈ బలహీనత ఎక్కువవుతుంది కూడా. మన మే నెల ఎండలో నడవమని వీళ్లకు ఎవరూ చెప్పకూడదు.

ఇక మాత్రలకు బానిస కావడం. 1934లో లండన్‌లో మేరీ వాకర్ అనే వైద్యురాలు ఫైసోస్టిగ్మిన్ అనే మందు ఇచ్చి రోగి వాలిన రెప్ప లేవడం చూపించారు. ఇప్పుడు వాడే పిరిడోస్టిగ్మిన్ ఆ కోవలోదే. ఎసిటైల్‌కోలిన్ త్వరగా విరిగిపోకుండా ఆపుతుంది, అంతే. దాని పని మూడు నాలుగు గంటలు. అందుకే అమ్మ భోజనానికి ముప్పావు గంట ముందు వేసుకుంటుంది, నమలడానికి, మింగడానికి బలం ఉండాలని. అది వ్యసనం ఎలా అవుతుంది? సొంతంగా మోతాదు పెంచితే మాత్రం ప్రమాదమే, ఎక్కువైనా బలహీనత వస్తుంది. స్టిరాయిడ్‌ను హఠాత్తుగా ఆపడం మరీ ప్రమాదం.

నిజంగా భయపడాల్సిన మందుల గురించి ఆ సందేశంలో ఒక్క మాటా లేదు. మందుల దుకాణంలో అడగగానే ఇచ్చే సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్, అజిత్రోమైసిన్, ఆసుపత్రుల్లో ఇచ్చే జెంటామైసిన్, అమికాసిన్, మెగ్నీషియం ఇంజెక్షన్, కొన్ని బీపీ మాత్రలు, గ్లకోమాకు వేసే టిమోలాల్ చుక్కలు కూడా ఈ జబ్బును ముదిరించగలవు. ఆ పేర్లు రాసిన కాగితం అమ్మ పర్సులో ఎప్పుడూ ఉంటుంది. పంటి డాక్టరుకైనా ముందు అదే చూపిస్తాం.

అన్నింటికన్నా ప్రాణాంతకమైనది ఆక్సీమీటర్ సలహా. ఇక్కడ అలసిపోయేది ఊపిరితిత్తులు కావు, వాటిని ఆడించే కండరాలు. వేలి మీది అంకె పడిపోయేది చివర్లో. అంతకు చాలా ముందే దగ్గు బలహీనపడుతుంది, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు, మెడ నిలవదు, మాట మధ్యలో ఊపిరి తీసుకోవలసి వస్తుంది. చెడుగుడులో గుక్క తిప్పకుండా కూత పెడతాం కదా, అలా ఒక్క గుక్కలో అంకెలు పైకి లెక్కపెట్టమనండి. ఆరోగ్యవంతులు 40 దాకా సులువుగా వెళతారు. 20కి చేరలేకపోతే తెల్లవారే దాకా ఆగకూడదు.

నిరుడు వానాకాలంలో జలుబు చేసినప్పుడు అమ్మ లెక్క 36 నుంచి రెండు రోజుల్లో 17కి పడింది. ఆక్సీమీటర్‌లో 97 ఉంది. ఆ రాత్రే కారులో బయల్దేరాం. తెల్లవారేసరికి ఐసీయూలో శ్వాసయంత్రం పెట్టారు, తర్వాత రక్తంలోని యాంటీబాడీలను తొలగించడానికి ఐదు విడతలు ప్లాస్మా మార్పిడి చేశారు. ఇంటికి వచ్చిన వారానికి వంటింట్లో నిలబడి 33 దాకా లెక్కపెట్టింది.