ఎవరి కలో ముందు చెప్పండి

కష్టపడితే తల్లిదండ్రుల కన్నా బాగా బతకొచ్చన్న 'అమెరికా కల' ముగిసిపోయిందని ఈమధ్య చదివిన ఓ వ్యాసంలో రచయిత ఒక్క మాటలో తేల్చేశారు. ఎవరి కల అన్నది చూడాలి కదండీ. అక్కడే పుట్టి పెరిగినవాళ్ల సంగతి ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం లెక్కగట్టింది. 1940లో పుట్టినవాళ్లలో దాదాపు 90 శాతం మంది తల్లిదండ్రుల కన్నా ఎక్కువ సంపాదించారు. 1980లో పుట్టినవాళ్లలో సగం మందే.

మనవాళ్ల బాధ వేరు. జీతానికి లోటు లేదు, ఇల్లూ కారూ ఉన్నాయి. అక్కడ శాశ్వతంగా ఉండనిచ్చే గ్రీన్‌కార్డు మాత్రం రాదు. ఉద్యోగం మీద ఏటా ఇచ్చేవి సుమారు 1,40,000, అందులో ఏ దేశానికైనా 7 శాతమే పరిమితి. ఐస్‌లాండ్‌కీ అంతే, ఇండియాకీ అంతే!

మా అక్క కూతురు రెండేళ్లప్పుడు డల్లాస్ వెళ్లింది. తెలుగు వెతుక్కుంటూ మాట్లాడుతుంది. 21 నిండేలోపు కార్డు రాకపోతే తల్లిదండ్రుల వీసా మీద వచ్చిన డిపెండెంట్ వీసా పోతుంది, స్టూడెంట్ వీసాకి మారాలి. అక్కడే పుట్టిన తమ్ముడేమో సిటిజన్. ఒకే ఇల్లు, ఒకే బడి! మా అక్కకి రోజూ ఇదే టెన్షన్.

2025 సెప్టెంబరులో బయటి నుంచి తెచ్చుకునే కొత్త హెచ్‌-1బీ (ఉద్యోగ వీసా) ఉద్యోగులకు లక్ష డాలర్ల ఫీజు కూడా ప్రకటించారు. అయినా మా ఊళ్లో సంబంధాలు చూసేవాళ్లు మొదట అడిగేది "అబ్బాయి స్టేట్స్‌లోనేనా?" అనే.