టికెట్ కొన్నాం కదా!

కడపలో పొద్దున్నే బస్సెక్కి, సద్ది కట్టుకుని, మొన్న ఆదివారం పిల్లల్ని ఒక జూకి తీసుకుపోయాను. పులిని చూడాలని మా చిన్నోడికి ఏడాదిగా ఆశ. పులి నీడన పడుకుని ఉంది. మధ్యాహ్నం ఎండలో ఏ పులైనా చేసేది అదే. పక్కనున్న నలుగురు కుర్రాళ్లకు మాత్రం అది నచ్చలేదు. ఈలలు, కేకలు, చివరికి ఒకడు నీళ్ల సీసా విసిరాడు. "ఎందుకప్పా అట్ల చేస్తావు?" అని అడిగితే, "టికెట్ కొన్నాం కదా" అన్నాడు. ఆ మాట ఇంకా మనసులో గుచ్చుకుంటూనే ఉంది.

జింకల దగ్గర ఇంకా ఘోరం. చిప్స్ ప్యాకెట్ కవరుతో సహా లోపలికి వేస్తారు. ఆ ప్లాస్టిక్ కడుపులో అరగదు, పేగులకు అడ్డం పడితే ప్రాణమే పోతుంది. జూలో జంతువుల్ని రెచ్చగొట్టడం, వాటికి తిండి పెట్టడం, చెత్త వేయడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 38జె సెక్షన్ ప్రకారం నేరం. బోర్డు కూడా ఉంది, చదివేదెవరు?

అంతరించిపోయిందనుకున్న కలివికోడి అనే పక్షి 80 ఏళ్లకు పైగా గడిచాక, 1986లో మళ్లీ కనిపించింది మన కడప జిల్లాలోనే. అలాంటి నేల మీద పుట్టి మనం చేసేది ఇదా?

తిరుగు బస్సులో చిన్నోడు అడిగాడు, "నాన్నా, పులికి దెబ్బ తగిలిందా?" తగల్లేదు. కానీ అది లేచి గోడ వైపు తిరిగి పడుకుంది. మేమున్నంతసేపూ మళ్లీ ఇటు తిరగలేదు.